సాక్ష్యానికి రెండు నిమిషాలు

మొన్న స్టోర్ గదిలో పై అర సర్దుతుంటే నీలం రంగు గుడారం సంచి జారి నా భుజం మీద పడింది. జిప్పు లాగి చూస్తే లోపలి నుంచి ఎండిన నాచు ముక్క ఒకటి రాలింది. షార్జాలో నాచు ఎక్కడిది? దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మూడేళ్ళయినా చల్లారని కోపం. పొద్దు గుంకేలోగా కోపం విడిచిపెట్టాలని మా నాన్న నాకు చిన్నప్పుడే కంఠతా పట్టించాడు. ఆయన మా ఊరి చర్చి సంఘంలో ఉపదేశి. ఆ వాక్యం తప్పు లేకుండా చెప్పినందుకు ఆదివారపు బడిలో నాకు సబ్బుపెట్టె బహుమానం కూడా ఇచ్చారు. సబ్బుపెట్టె ఎప్పుడో పగిలిపోయింది. వాక్యం ఉంది, కోపమూ ఉంది.

నేను ఈ ఇంట్లో వంట చేస్తాను. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మేమంతా ఇంటావిడని మామా అంటాం, ఇంటాయన్ని బాబా అంటాం. బాబా తల్లి పెద్ద మామా. కరోనా తగ్గి విమానాలు మళ్ళీ మామూలుగా తిరిగిన మొదటి వేసవిలో వీళ్ళందరూ ఎండ తప్పించుకుని తుర్కియా, అదే టర్కీ, వెళ్ళారు. వండి పెట్టడానికి నన్నూ తీసుకెళ్ళారు. నల్ల సముద్రం వైపు కొండల్లో ఒక చెరువు, చుట్టూ అడవి. ఆ అడవిలో వాన ఆగదు. ఆగినా చెట్లు కారుతూనే ఉంటాయి. మొదలు నుంచి కొమ్మల దాకా చెట్లు తడి గొంగళి కప్పుకున్నట్టు నాచు. అడుగు వేస్తే నేల నానిన పరుపులా దిగేది. వాసన మాత్రం నాకు కొత్త కాదు, మా కాలవలో కొబ్బరి పీచు నానేసిన వాసనే. చెరువు గట్టున గుడారాలు వేసుకునే చోట దిగీదిగగానే మామా, పిల్లలు వానలో చేతులు చాచుకుని నిలబడ్డారు. వాన చూడ్డానికి విమానం ఎక్కి వెళ్ళేవాళ్ళని నేను చూడడం అదే మొదలు. మా గోదావరి వైపు అది పిలవకుండానే ఇంట్లోకి వస్తుంది, మంచాల కిందికి కూడా. పెద్ద మామాకి మాత్రం ఆ చోటు నచ్చలేదు. ఇంత పచ్చదనం కళ్ళకి మంచిది కాదనీ, ఎటు చూసినా చెట్టే అడ్డమనీ, వచ్చే మనిషి దూరం నుంచి కనబడకపోతే అదేం చోటనీ సణిగేది.

వాళ్ళకి మూడు మంచి గుడారాలు. నాకు ఈ నీలం సంచిలోది. అజ్మాన్ బీచ్‌లో పిల్లలకి నీడ కోసం కొన్నది ఇది. వానకి పనికిరాదని బయలుదేరే ముందే మామాకి చెప్పాను. ఎండకి ఆగింది కదా, వానకి ఎందుకు ఆగదు అంది. దుబాయ్ ఎండ చూసినవాళ్ళకి దాన్ని మించింది లోకంలో ఇంకోటి లేదని నమ్మకం కాబోలు. మొదటి రోజుకే నా పరుపు తడిసింది, రెండో రోజుకి బట్టలన్నీ తడిశాయి. మళ్ళీ చెప్పాను. వాన దేవుడి దయ అంది, నవ్వుతూ, గొడుగు కింద నుంచి.

మూడో రోజు పొద్దున్నే వాళ్ళంతా పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళారు. పెద్ద మామాకి పడవంటే భయం, ఉండిపోయింది. నేను కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్నాను. వేళ్ళు వంగడం మానేశాయి. తరవాత పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. మూకుడు చేతిలోంచి జారి బురదలో పడింది, దాన్ని తీద్దామని వంగి నేనూ అక్కడే కూలబడ్డాను. నిజం చెప్పాలంటే పెద్ద మామాకీ నాకూ అప్పటిదాకా పడేది కాదు. నా కూరలో ఉప్పెక్కువ అనేది, నాది బాతు నడక అనేది. తన గుడారంలోంచి పిలిచిన ఆవిడ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"యా బింత్, ఓ పిల్లా, నీ పళ్ళ చప్పుడుకి నా జపమాల లెక్క తప్పిపోతోంది. లోపలికి రా."

రాలేకపోయాను. ఆవిడే వచ్చింది, వంగని మోకాళ్ళతో, చెప్పులు లేకుండా, వానలో. నా రెక్క పట్టుకుని తన గుడారంలోకి లాక్కెళ్ళింది. తడి బట్టలు ఊడదీసింది. తన ఉన్ని అంగీ నాకు తొడిగింది, తన కంబళి నా మీద కప్పింది. నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని నల్లజీలకర్ర నూనె రాసి రుద్దడం మొదలుపెట్టింది. నేను కాళ్ళు లాక్కోబోయాను. వద్దు పెద్ద మామా, పాపం అన్నాను.

"నోరు మూసుకుని రెండో కాలు ఇటియ్యి."

శిష్యుల కాళ్ళు కడగడానికి ప్రభువు వంగినప్పుడు వాళ్ళలో ఒకాయన ఇలాగే వద్దన్నాడు. ఆయనకీ చివాట్లు పడ్డాయి. అది నాకు ఆ వణుకులోనే గుర్తొచ్చింది. పొద్దు వాలి అసర్ నమాజు వేళకి పడవ తిరిగొచ్చేదాకా ఆవిడ నా కాళ్ళు వదల్లేదు. మధ్యలో అల్లం టీ చెంచాతో పోసింది. తన నమాజు మటుకు లేచి చేసుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంది. మామా రాగానే పెద్ద మామా ఆమె మీద అరిచిన అరుపుల్లో నాకర్థమైంది 'హరామ్' అన్న ఒక్క మాటే, అదీ చాలాసార్లు వచ్చింది. మిగిలిన రోజులు నేను ఆవిడ గుడారంలోనే పడుకున్నాను. గురక మాత్రం భరించరానిది.

తిరిగొచ్చాక అజ్మాన్‌లో మా సంఘం కృతజ్ఞత కూడిక వచ్చింది. దేవుడు చేసిన మేలు లేచి అందరికీ చెప్పే సాక్ష్యానికి రెండు నిమిషాలు. ముందే కాగితం మీద రాసి అయ్యగారికి చూపించాలి. మా అయ్యగారు వారమంతా అల్ ఖూజ్‌లో గోదాము చూసుకుంటారు, శుక్రవారం వాక్యం చెబుతారు. చెడ్డ మనిషి కాదు. ఎవరికి జ్వరమొచ్చినా డ్యూటీ దిగి పెరుగన్నం పట్టుకుని వెళ్ళే మనిషి. అందుకే నా కోపం రెండింతలు. నా కాగితం చదివి, పెన్ను తీసి, పెద్ద మామా ఉన్న ప్రతి వరసా కొట్టేశారు. "మహిమ దేవుడిదమ్మా. మధ్యలో ఈ ముసలమ్మ ఎందుకు? కొత్తవాళ్ళుంటారు, తికమక పడతారు" అన్నారు. కొట్టేసినచోట ప్రభువు హస్తం నన్ను వెచ్చగా తాకింది అని రాసిచ్చారు. అంత వాక్యం చదువుకున్నదాన్ని, నోరెత్తకుండా అదే చదివాను. హాలంతా హల్లెలూయా అంది. ఆ హల్లెలూయా నాకు చెంపదెబ్బలా తగిలింది.

చర్చిలో తన సంగతి చెబుతానని పెద్ద మామాకి ముందే మాటిచ్చి ఉన్నాను. ఇంటికి రాగానే సోఫాలోంచి అడిగింది. "మీవాళ్ళకి నా సంగతి చెప్పావా? నా మోకాళ్ళకి దువా చేశారా?"

"చేశారు పెద్ద మామా" అన్నాను.

ఆ వారమంతా ఆవిడ ఫోనుల్లో చుట్టాలందరికీ చెప్పుకుంది, హిందీవాళ్ళ, అంటే ఇండియావాళ్ళ, చర్చి మొత్తం తన మోకాళ్ళ కోసం లేచి నిలబడిందని. నొప్పి తగ్గిందని కూడా అంది. వంటింట్లో ఆ మాటలు వింటూ నేను ఉల్లిపాయలు తరిగాను. ఆ వారం ఏ కూరకైనా ఉల్లిపాయలు ఎక్కువే పడ్డాయి.

పోయిన ఏడు రంజాన్‌కి ముందు పెద్ద మామా పోయింది. తరవాతి శుక్రవారం నేను కాగితం లేకుండా లేచి నిలబడ్డాను. కొండల్లో నన్ను తాకిన చెయ్యి ఒక ముస్లిం పెద్దావిడదనీ, అది దాచి మీ ముందు అబద్ధం చెప్పాననీ, ఆవిడ కోసం మీరంతా ప్రార్థన చేశారని ఆవిడతో ఇంకో అబద్ధం చెప్పాననీ అన్నాను. ఇంకా చాలా ఉంది. కానీ అయ్యగారు కీబోర్డు వాయించే తమ్ముడి వైపు చూశారు. సాక్ష్యం దారి తప్పితే పాట ఎత్తుకోవడం మా దగ్గర వాడుకే. పాట మొదలైంది, చప్పట్లు మొదలయ్యాయి. పక్కనున్న అక్క నా కొంగు లాగి, "కూర్చోవే, పాట వచ్చేసింది" అంది. నేను కూర్చోలేదు. పల్లవి, నాలుగు చరణాలు, మళ్ళీ పల్లవి. అంతసేపూ నిలబడే ఉన్నాను, పాడకుండా.

కూడిక అయ్యాక మెట్ల దగ్గర అయ్యగారిని ఆపాను. "అయ్యగారూ, దొంగలు కొట్టి దారిలో పడేసినవాడి కథ ప్రభువు చెప్పాడు కదా. వాణ్ణి ఎత్తుకెళ్ళి కాపాడినవాడు వేరే జాతివాడన్న సంగతి దాచిపెట్టి చెప్పాడా?"

ఆయన చెప్పులు వేసుకున్నారు. "అప్పుడు టైమ్ లేదమ్మా. నీ వెనక ఇంకా ఇద్దరు సాక్ష్యం చెప్పాల్సినవాళ్ళున్నారు, అందుకని" అన్నారు.

నాచు ముక్కని పారెయ్యలేదు. పొద్దున్నే వాక్యం చదువుకునే చోట పెట్టుకున్నాను. ఒక పగలంతా నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి టైమెంతయిందని ఒక్కసారీ అడగలేదు. ఆవిడకి రెండు నిమిషాలు దొరకని శుక్రవారాలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్ళిపోతూనే ఉన్నాయి.