గీత ఎక్కడుందో చూపించండి

లూయిస్ తాళం ఊరికే ఇచ్చేవాడు కాదు. కారు మీద గీతో, రాయి తగిలి లేచిన పెచ్చో బాగుచేశాక యజమానిని కారు పక్కన నిలబెట్టి, తాళం తన జేబులోనే ఉంచుకుని, "ఎక్కడుందో చూపించండి" అనేవాడు. ఏ తలుపు మీద గీత పడిందో ఎవరికైనా గుర్తుంటుంది. ఆయన అడిగేది అది కాదు. సరిగ్గా గీత ఉన్నచోట వేలు పెట్టాలి. మచ్చ పోయిన నున్నటి రేకు మీద జ్ఞాపకం కూడా జారిపోతుంది. యజమాని వంగి, ఒకసారి నిలబడి, మళ్ళీ వంగి, చివరికి ఏదో ఒక చోట వేలు ఆనించేవాడు. ఆ వేలు జానెడు అవతల పడితే లూయిస్ మీసం కింద నవ్వొకటి కదిలేది. అసలు చోటు చెప్పకుండానే తాళం చేతిలో పెట్టేవాడు. వేలు సరిగ్గా పడిందా, కారు ఆ పూట షెడ్డు దాటేది కాదు. ఇరవై ఆరేళ్ళలో అలా ఆగినవి పదో పన్నెండో.

యానాంలో ఫరంపేట రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. తండ్రి పడవలకు తారు పూసేవాడు. పడవకు నలుపొక్కటే రంగు కాబట్టి ఇంట్లో రంగు గురించి వాదన ఎప్పుడూ రాలేదు. లూయిస్ మాత్రం కాకినాడలో కార్లకు రంగులేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గర నాలుగేళ్ళు రేకు నున్నబడేలా నీటికాగితం రుద్ది, ఐదో ఏట బ్రష్షు పట్టుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఊళ్ళో ఆయన కోసమే అన్నట్టు పంటు ఉండేది. ఏటికి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు కార్లు, ఎడ్లబళ్ళు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ ఆ పంటు మీదే వచ్చేవి. గాలి విసురుకి పంటు ఊగితే సైకిలు హ్యాండిలు ఏదో ఒక కారు తలుపును పలకరించేది. గోదావరి తన వాటా కూలీ తనకి పంపుతోందని లూయిస్ అనేవాడు. తరవాత యెదుర్లంక వంతెన పడింది, పంటు పోయింది. పని తగ్గుతుందని భయపడ్డాడు గానీ, ఊళ్ళో కార్లే పెరిగాయి. గీతలకు పంటు అక్కర్లేదని తేలింది.

పెద్ద పనులు ఆయన ముట్టుకోడు. సొట్టలు తీయడం, కారంతా రంగు కొట్టడం వేరేవాళ్ళకు వదిలేశాడు. అగ్గిపుల్ల కొనతో చుక్క రంగు పెట్టడం, అది ఆరేదాకా కూర్చోవడం, నీళ్ళు చల్లి మెత్తని కాగితంతో రుద్దడం, గుడ్డతో మెరుగు పెట్టడం, ఇంతే. ఇందులో కష్టమంతా తెలుపుతోనే. తెలుపంటే ఒకటే అనుకునేవాళ్ళు కొంగ రెక్కనూ, కొబ్బరి పలుకునూ, గంజినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు కారు. మల్లెపువ్వు కూడా పొద్దున ఒక తెలుపు, సాయంత్రానికి ఇంకో తెలుపు. కంపెనీ ఇచ్చిన తెలుపు యానాం ఎండలో మూడేళ్ళు నిలబడితే దాని అసలు పేరు దానికే గుర్తుండదు. లూయిస్ డబ్బా రంగులో పసుపు ఒక చుక్క, నలుపు సగం చుక్క వేసి, గోరు మీద రాసుకుని, ఆ గోరుని తలుపుకి ఆనించి చూసేవాడు. గోరు కనిపించకుండా పోతే రంగు కుదిరినట్టు.

అలాంటి మనిషికి అరవయ్యో ఏట కళ్ళలో శుక్లాలు కమ్మాయి. ఆయనకు తెలియలేదు. భార్య ఆరోగ్యమ్మకు తెలిసింది. క్రిస్మస్‌కి కొనుక్కున్న నీలం చీరను ఆయన మూడుసార్లు ఆకుపచ్చ చీర అన్నాడు. మూడోసారి ఆవిడ వాదించలేదు. కాకినాడలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెడితే పేరు రాయించేసి, బస్సెక్కించేసింది. కుడి కన్ను అయింది, ఎడమ కన్ను ఆరునెలల తరవాత అన్నారు.

కట్టు విప్పిన నాలుగో రోజున ఆనందరావు మాస్టారు చూడటానికి వచ్చాడు. కనకాలపేటలో ఉంటాడు, రిటైరైన హెడ్మాస్టరు, లూయిస్‌కి పాత ఖాతాదారు. బత్తాయిలు తెచ్చాడు, కన్ను ఎలా ఉందని అడిగాడు, తన కంటి సంగతి కూడా కాసేపు చెప్పాడు. ఆయనను సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చిన లూయిస్ అక్కడే ఆగిపోయాడు.

ఎదురుగా మాస్టారి తెల్ల మారుతి. ఎడమ తలుపు మధ్యలో అరచేతి పొడుగున, పాలగిన్నెలో టీ చుక్కలు పడినట్టు ఒక మచ్చ. నిరుడు తను చేసిన పని. లూయిస్ కుడి కన్ను మూశాడు. మచ్చ లేదు. తెరిచాడు. ఉంది. మళ్ళీ మూశాడు.

"ఏమయ్యా, కన్ను గుచ్చుకుంటోందా?" అన్నాడు మాస్టారు.

"లేదండి, బానే ఉందండి," అన్నాడు లూయిస్.

కారు వెళ్ళిపోయాక గుమ్మంలోనే కూర్చున్నాడు. నిరుడు మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, వంగి, ఆ మచ్చకు జానెడు పైన, హ్యాండిల్ కిందే వేలు పెట్టాడు. ఎంత నమ్మకంగా పెట్టాడని. ఈ మచ్చ కనపడని మనిషి ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్లు దిద్దాడంటే నమ్మాలా?

మర్నాడు సైకిలేసుకుని బయల్దేరాడు. అగ్రహారం తిరిగాడు, బజారు తిరిగాడు, తను ముట్టుకున్న కారు కనిపించిన చోటల్లా దిగి ఒక కన్ను మూసి చూశాడు. చూసినవాళ్ళు, ముసలాయన కార్లకు కన్ను కొడుతున్నాడని నవ్వుకున్నారు. ఎరుపులు, మెరూన్లు దక్కాయి. గత రెండేళ్ళలో చేసిన తెలుపులు మాత్రం ఒక్కొక్కటే బయటపడ్డాయి. మార్కెట్ దగ్గర నాగమణి వ్యాను ఉంది. ఏటి రొయ్యలూ పీతలూ కాకినాడ తీసుకెళ్ళి అమ్మే మనిషి. తెల్ల వ్యాను వెనక తలుపు మీద, బ్రష్షు అంచులతో సహా కనిపిస్తోంది మచ్చ.

"నాగమణీ, ఇది నీకు కనపడలేదా?"

"ఏది బాబాయ్?"

"ఈ మచ్చమ్మా."

"ఓ అదా. మొదటి రోజే కనపడింది."

"మరి నేనడిగితే లైటు పక్కన చూపించావేంటి?"

నాగమణి పీతల బుట్ట కింద పెట్టి చేతులు కడుక్కుంది. "ఏం చెయ్యమంటావ్? తాళం జేబులో ఎట్టుకుని, పెళ్ళికొడుకులా మొహం ఎట్టుకుని నిలబడతావ్. ఇదిగో ఇక్కడుంది అంటే ఆ పూటంతా నా రొయ్యలు నీ షెడ్డులో కుళ్ళాలి. అయినా ఆ మాటనడానికి నాకు నోరు రాలేదులే."

"నీకా, నోరు రాలేదా?"

"వచ్చేదేగానీ, నిన్ను చూసి ఎనక్కెళ్ళిపోయింది."

"రేపు తీసుకురా. మళ్ళీ చేస్తాను."

"వద్దు బాబాయ్. కాకినాడలో చేపల రేవు కాడ తెల్ల వ్యాన్లు నలభై ఉంటాయి. మా ఆయన ఈ మచ్చ చూసే మనది పోల్చుకుంటాడు. తీసేస్తే ఎవరి వ్యానో తోలుకొచ్చేత్తాడు."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతూ ఉండిపోయాడు. మచ్చలు పడ్డాయని కాదు ఆయన బెంగ. మచ్చ పడితే రుద్ది మళ్ళీ వేసుకోవచ్చు. ఈ ఊరు ఎప్పటి నుంచి వేలు తప్పు చోట పెడుతోంది? రెండేళ్ళ నుంచా, మొదటి నుంచా? ఇరవై ఆరేళ్ళు తన పని ఎవరికీ కనపడదని ఛాతీ విరుచుకుని తిరిగాడు. అదంతా జనం జాలేనా?

"నీకూ తెలుసా?" అని ఆరోగ్యమ్మను అడిగాడు.

"నాకు చీర సంగతే తెలుసండి. కార్ల సంగతి నాకేం తెలుసు?" అంది. చారు పోస్తూ, "ఇక్కడ కూర్చుని నన్నడిగితే ఏం లాభం, మాస్టారినే అడగండి. ఆయన అబద్ధం రెండోసారి చెప్పలేడు," అంది.

ఆ మాట నిజమే. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి కనకాలపేటలో మాస్టారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. లూయిస్ మొహం చూడగానే పేపరు మడిచాడు.

"కనపడిందన్నమాట," అన్నాడు.

"మీకు నిరుడే కనపడిందాండి?"

"కనపడింది. కూర్చో."

లూయిస్ కూర్చోలేదు. "ఇంతకుముందువి కూడానాండి? మొదటి నుంచీ ఇలాగే చూపిస్తున్నారా నాకు?"

మాస్టారు లేచి, చెప్పులేసుకుని కారు దగ్గరికి నడిచాడు. "నిరుడు నేను వేలెక్కడ పెట్టాను?"

"హ్యాండిల్ కిందండి."

"ఊరికే పెట్టలేదయ్యా. నీకు గుర్తులేదు గానీ, పంటు మీద సైకిలు గీసుకుపోయింది అక్కడే. వంతెన పడకముందు. నువ్వే చేశావు. నువ్వడిగింది గీత ఎక్కడుందని. నేను చూపించిందీ గీతే, కాకపోతే పాతది." గొంతు తగ్గించాడు. "అబద్ధం ఆడకుండా తప్పించుకోవాలంటే వేరే దారి కనపడలేదు. ఆ పాతది ఎక్కడుందో అప్పుడూ నాకు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. హ్యాండిల్ కిందని మాత్రం జ్ఞాపకం. నువ్వే చూసుకో."

లూయిస్ తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. పొద్దుటి ఎండ తలుపు మీద ఏటవాలుగా పడుతోంది, లోపాలు పట్టుకోవడానికి అంతకన్నా మంచి వెలుగు లేదు. ఎడమ కన్ను మూశాడు. కుడి కంటితో హ్యాండిల్ కింద అంగుళం అంగుళం వెతికాడు. అటు జరిగి చూశాడు, ఇటు జరిగి చూశాడు. వేలు చాచాడు. చాచిన వేలు గాలిలోనే తచ్చాడింది. ఇన్నేళ్ళూ యజమానులు నిలబడ్డ చోట ఇప్పుడు తను ఉన్నాడు, ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఎక్కడుందో చూపించు," అన్నాడు మాస్టారు వెనక నుంచి.

లూయిస్ వేలు వెనక్కి తీసుకున్నాడు. మీసం కింద నవ్వు కదిలింది.

"టీ తాగుతావా?"

"తాగుతానండి. కారు తాళం ఇవ్వండి ముందు."

రెండు రోజులు పట్టింది. కుడి కన్నుతో తెలుపు కలిపాడు. పసుపు సగం చుక్కకు తగ్గింది. గోరు మూడుసార్లు తలుపు మీద మాయమైంది, మూడుసార్లూ నమ్మలేదు, నాలుగోసారి నమ్మాడు. మూడో రోజు మాస్టారు వచ్చి, అలవాటు కొద్దీ కారు పక్కన నిలబడి, కళ్ళజోడు సర్దుకుని వేలు చాచాడు.

"వద్దండి మాస్టారూ," అన్నాడు లూయిస్. "నేను చూసుకున్నాను." తాళం జేబులోంచి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

మిగతా తెల్ల కార్లు కూడా ఒక్కొక్కటే షెడ్డుకి వచ్చి వెళ్ళాయి. ఎందుకు మళ్ళీ అని కొందరు అడిగారు, కొందరు అడగలేదు. ఎవరినీ వేలు పెట్టమని ఆయన అనలేదు. నాగమణి వ్యాను ఒక్కటే రాలేదు. రోజూ తెల్లవారగానే ఫరంపేట మీదుగా కాకినాడ వెళ్తుంది, షెడ్డు ముందు ఒకసారి హారన్ కొడుతుంది. ఎడమ కన్ను ఎప్పుడు చేయించుకుంటారని ఆరోగ్యమ్మ అడుగుతూనే ఉంది, చూద్దాంలే అని లూయిస్ అంటూనే ఉన్నాడు. హారన్ వినపడగానే చేతిలో పని ఆపి, రోడ్డు వైపు తిరిగి, కుడి కన్ను మూసి, వ్యాను మలుపు తిరిగేదాకా ఎడమ కంటితో చూస్తాడు. తలుపు మీద మచ్చంటూ ఏమీ ఉండదు.