తంబాకు ఘాటు అనుకున్నాం

మా పక్కింటి అక్క పది రోజుల కింద పొద్దున ఆసుపత్రిలో పోయింది. ఆమె కొడుకు ఫోన్ చేసి "అమ్మ లేదు చిన్నమ్మా" అనగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆమె ముక్కే. నవ్వుకోకండి, చెబుతాను.

నిజామాబాద్‌లో మా గల్లీ ఆడవాళ్లం చాలామందిమి బీడీలు చుడతాం. పెళ్లయి వచ్చినప్పుడు నాకు తునికాకు కత్తిరించడం కూడా రాదు. చెయ్యి పట్టి నేర్పింది అక్కే. తంబాకు పొడికి ఏళ్ల తరబడి ఆమె ముక్కు కారుతూనే ఉండేది. తడిసిన రుమాలు తీగ మీద వేసి, ఇంకోటి భుజాన వేసుకునేది. పుట్టిల్లు కాలువ పారే ఎడపల్లి కదా, "నాది ముక్కు గాదు చెల్లె, నిజాంసాగర్ కాలువ" అనేది.

మెదడు కింద చిన్న గడ్డ ఉందని ఆమెకు ముక్కులోంచే ఆపరేషన్ చేశారు. తోడు వెళ్లింది నేను. ఇంటికి పంపుతూ డాక్టర్‌గారు నాకే చెప్పారు: మెదడు చుట్టూ ఉండే నీళ్లు కారకుండా లోపల అతుకు వేశామనీ, అది మానేదాకా వంగొద్దనీ, బరువు ఎత్తొద్దనీ, ముక్కు చీదొద్దనీ, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలనీ. "ముక్కులోంచి నీళ్లు కారితే జలుబనుకోకండి. ఆ పూటే రండి." నేను తలూపాను.

అక్క బుద్ధిగానే ఉంది. నోరంతా తెరిచి తుమ్మి, "గల్లీల కుక్కలు గూడ బెదిరినయ్ సూడు" అని తానే నవ్వేది. బిందె ముట్టుకుంటే నేను లాక్కునేదాన్ని. బీడీల చాట మాత్రం లాక్కోలేకపోయాను. మూడో వారం దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వంగొద్దన్నరు గదక్కా."

"వంగి బతికినోళ్లం చెల్లె. నిటారుగ కూసుంటే నాకు చేతులాడయి."

అప్పుడే ఆకు మీద ఒక చుక్క పడింది. వెంటనే ఇంకోటి. తేట నీళ్లు.

"తంబాకు ఘాటుకు. కొత్తనా నాకు?" అంది.

"కాలువ ఇడిసిన్రా అక్కా?" అన్నాను. ఇద్దరం నవ్వాం. రుమాలు అందించింది నేనే.

నాలుగో రోజు జ్వరం, తలనొప్పి. మెడ కట్టెలా బిగుసుకుపోయింది. ఆసుపత్రిలో "నీళ్లెప్పటినుంచి కారుతున్నాయి?" అని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి "నాలుగు రోజులు" అన్నాను. అతుకు మళ్లీ వేశారు. అప్పటికే ఇన్ఫెక్షన్ మెదడు పొరలకు పాకింది. "జలుబుదైతే గుడ్డ ఆరినంక అట్ట కడ్తదమ్మా. ఈ నీళ్లు ఆరితే మెత్తగనే ఉంటది" అని నర్సమ్మ చెప్పింది.

అక్క రాత అంతేనని గల్లీలో అంటున్నారు. నాకు ఆ మాట మింగుడు పడదు. నాకు చెప్పిన మాట నేనే మరిచాను. మీ ఇంట్లో ఎవరికైనా తలకో వెన్నుకో ఆపరేషన్ అయితే, ముక్కు కారినా కుట్టు తడిసినా ఎప్పుడూ ఉండేదేనని నాలా నవ్వెయ్యకండి.

నిన్న దినం పనులకని వాళ్లింటికి వెళ్లాను. ఆ రోజు నేనిచ్చిన రుమాలు ఇంకా తీగ మీదే ఉంది, ఉతకలేదు. చేతిలోకి తీసుకుని నలిపి చూశాను. మెత్తగా ఉంది.