లెన్సుకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో ఫోను, ఆ ఫోనులో రోజూ కావలసినంత డేటా. ఇక గురువుతో ఏం పని? ఏయే దేశాల వాళ్ళో ఫొటోల గురించి చెప్పిన వీడియోలు అన్నం తింటూ కూడా చూసేవాడిని (అమ్మ పప్పు వేసిందో పులుసు పోసిందో చెయ్యి కడుక్కున్నాక కూడా చెప్పలేకపోయేవాడిని). డిగ్రీలో మూడు సబ్జెక్టులు మిగిలిపోయినా, లెన్సుల గురించి ఎవరైనా కదిపితే మాత్రం గంటసేపు వదిలేవాడిని కాదు. ఇప్పుడు ముప్పై నాలుగు దాటాయి, తెలియని విషయాలు ఏటికేడు పెరిగిపోతున్నాయి. ఆ పాత తెలివంతా ఎటు పోయిందా అని అప్పుడప్పుడు బెంగగా ఉంటుంది.

అప్పట్లో నేను నెల్లూరు పక్కన కోవూరులో అన్న స్టూడియోలో పనిచేసేవాడిని. అన్న నాకు తోడబుట్టినవాడేం కాదు. ఊరందరికీ ఆయన అన్నే, ఆయన భార్య అందరికీ వదినే. ముందు స్టూడియో, వెనక ఇల్లు, మధ్యలో ఒక కర్టెను. అన్నకు ఫొటోల విషయంలో పెద్ద పట్టింపులు లేవు గానీ ఒక్క నియమం మాత్రం వేదం. లెన్సు కొన్న రోజే దాని మూతికి ఫిల్టరు బిగించాలి, బిగించింది కడగడానికి తప్ప మళ్ళీ తీయకూడదు. (తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను, లెన్సు ముందు సీసా మూతలా తిప్పి బిగించే పల్చటి గాజుబిళ్ళ అది. దుమ్ము, దెబ్బ, గీత ఏదైనా తాను తిని లెన్సును కాపాడుతుంది.) ఎందుకన్నా అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు, సముద్రపు గాలి. మైపాడు గాలికి ఇనప గేట్లే తుప్పు పట్టి రాలిపోతున్నాయి, లెన్సు ఎంత అనేవాడు.

నాకు అది వినగానే ఒళ్ళు మండేది. లెన్సు చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి, గాజు అరగదీసి, పూత పూసి పంపిస్తే, దాని ముందు మనం కిటికీ అద్దం తగిలిస్తామా అని వాదించేవాడిని. ఎదురెండలో తీస్తే ఫిల్టరు వల్ల లేనిపోని వెలుగు మచ్చలు పడతాయని వీడియోలు చూపించేవాడిని. ఒకరోజు అన్న, చేపల పులుసు మీద మూత పెడతారా పెట్టరా అని అడిగాడు. పెడతారు, కానీ తినేటప్పుడు తీస్తారు కదన్నా అన్నాను. గెలిచానని నేను ఇంకా గట్టిగా అందుకునేసరికి, కర్టెను వైపు ఒకసారి చూసి, "ముందు ఆ టీ తాగబ్బయ్యా, చల్లారిపోతా ఉండాది" అని మాట మార్చాడు. వాదన ముదిరినప్పుడల్లా ఆయన అలాగే కర్టెను వైపు చూసేవాడు. మధ్యాహ్నం పూట వదిన నిద్ర చెడుతుందని కాబోలనుకున్నాను.

ఆ సంవత్సరం దసరాకు వారం ముందు తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కుర్రాడు వాళ్ళ అవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళది మైపాడు. పండగ వెళ్ళిన ఆదివారం పొద్దున అవ్వకు సముద్రంలో బాప్తిస్మం, ఫొటోలు కావాలన్నాడు. అవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ చర్చికి వెళ్తూనే ఉందట గానీ, సముద్రం పక్కనే పుట్టి, సముద్రం మీద బతికే మనిషిని కట్టుకుని కూడా, తల మునిగేదాకా నీళ్ళలో దిగడమంటే భయమట. ఆ భయంతోనే బాప్తిస్మం ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది. మనవడు ఆల్బం సైజుల గురించి మాట్లాడుతుంటే అవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"అబ్బయ్యా, ఆధార్ కార్డులోనూ రేషన్ కార్డులోనూ తప్ప నాకు ఇంకో ఫొటో లేదు. ఆ రెండిట్లోనూ దొంగదాని మాదిరి ఉండాను. నీళ్ళలోంచి లేచేటప్పుడు నా మొహం ఎట్టుంటాదో నేను చూసుకోవాల. అదొక్కటి తియ్యి చాలు."

అది ఎంత పనవ్వా, నేనున్నాగా అన్నాను. ఆ ఆదివారమే అన్నకు వేరే ఊళ్ళో గృహప్రవేశం ఉండటంతో ఇది నేను ఒంటరిగా చేయబోయే మొదటి పని. ఇంటికి పోయి లెక్క వేసుకున్నాను. మనకు సముద్రం తూర్పున. పొద్దున్నే ఒడ్డు నుంచి తీస్తే సూర్యుడు సరిగ్గా లెన్సులోకే చూస్తాడు. అంటే ఎదురెండ. ఎదురెండలో ఫిల్టరు పెట్టుకుని తీసేవాడు ఫొటోగ్రాఫరేనా? ఆయుధపూజ ముందు రోజు సాయంత్రం, అన్న బయటికి వెళ్ళిన సమయం చూసి, స్టూడియోలో ఉన్న పెద్ద లెన్సు నుంచి ఫిల్టరు తిప్పి తీసేశాను. దాన్ని ఖాళీ కళ్ళజోడు డబ్బాలో దాచి, లెన్సుకు మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయాను.

మర్నాడు పూజ. కెమెరాలు, లెన్సులు, స్టాండ్లు, ప్రింటరు, కత్తెరలు, అన్న స్కూటరు హ్యాండిల్‌తో సహా అన్నీ కడిగిన పీటల మీద, దుప్పట్ల మీద కొలువుతీరాయి. బొట్లు పెట్టే పని వదినది. మూత మీద పెడితే మూతకు పూజ చేసినట్టవుతుందని లెన్సులన్నిటికీ మూతలు తీయించింది. గంధం గిన్నె పట్టుకుని ఒక్కో లెన్సు దగ్గర ఆగి, గాజుకు సరిగ్గా నడిమధ్యలో బొటనవేలితో రూపాయి బిళ్ళంత గంధం అద్ది, దాని మీద కుంకుమ పెడుతూ వస్తోంది. ఆ పనిలో చేరాక నాకది మొదటి దసరా. చేతిలో కొబ్బరికాయతో నిలబడి, పెద్ద లెన్సు వంతుకు ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నాను. పెద్ద లెన్సు దగ్గరికి వచ్చేసరికి ఉండబట్టలేక, వదినా, దానికి పైన నల్లటి రేకు మీద పెట్టకూడదా, బొట్టు నుదుట కదా పెట్టేది అన్నాను.

"దీనికి నుదురేడుండాది అబ్బయ్యా? అంతా కన్నే గదా," అంది వదిన, గంధం అద్దేస్తూ.

వద్దని గట్టిగా చెప్పాలంటే ఫిల్టరు తీసిన సంగతి చెప్పాలి. చెప్పలేదు. అన్న మాత్రం ప్రశాంతంగా కర్పూరం వెలిగించాడు. ఇంతటితో అయిపోతే ఏదో చేసేవాడిని. పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాటి దాకా కదపకూడదు. గంధం ఆ రాత్రంతా లెన్సు మీద హాయిగా ఎండి, గోడకు పూసిన సిమెంటులా తయారైంది. మర్నాడు అన్న మిగతా లెన్సుల ఫిల్టర్లన్నీ తిప్పి తీసి, కుళాయి కింద సబ్బు పెట్టి గిన్నెలు తోమినట్టు తోముతుంటే, ఈ మనిషికి గాజు విలువ తెలియదని లోపల నవ్వుకున్నాను కూడా. పెద్దది నేను శుభ్రం చేస్తానన్నా అని పట్టుకుపోయి, మూల కూర్చుని, ముందు గుడ్డతో, తర్వాత నోటి ఆవిరి ఊది, అదీ చాలక చొక్కా అంచుతో రుద్ది రుద్ది పెట్టాను. స్టూడియో ట్యూబులైటు కింద గాజు తళతళలాడింది. ఇంత చేశాకైనా ఫిల్టరు తిరిగి బిగించానా అంటే, లేదు. సిద్ధాంతం సిద్ధాంతమే.

ఆదివారం తెల్లవారకముందే అన్న స్కూటరు మీద పెన్నా వంతెన దాటి, నెల్లూరు మీదుగా మైపాడు చేరాను. ఒడ్డున చర్చి వాళ్ళు పాటలు పాడుతున్నారు. ఒడ్డుకు లాగిన పడవల మీద పిల్లలు ఎక్కి కూర్చున్నారు. తెల్లచీర కట్టుకున్న అవ్వ, పాస్టరుగారి చెయ్యి గట్టిగా పట్టుకుని, ప్రతి అలకూ ఒక అడుగు వెనక్కి వేస్తూ, నడుము లోతు దాకా వెళ్ళింది. నేనూ ప్యాంటు మడిచి మోకాళ్ళ లోతుకు దిగాను. సూర్యుడు అనుకున్నచోటే ఉన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి అవ్వను వెనక్కి వాల్చి ముంచారు. ఆ ఒక్క క్షణం ఒడ్డు మీద పాట కూడా ఆగింది. అవ్వ లేచింది. భయమంతా నీళ్ళలో వదిలేసి లేచినట్టు, చిన్నపిల్లలా నవ్వుతూ లేచింది. టకటకా పదిహేను ఫొటోలు తీశాను. ఆ ఎండకు కెమెరా వెనక తెరలో ఏమీ కనపడలేదు, నాకు చూసుకోవాలని కూడా అనిపించలేదు. తీసింది నేను కదా.

సోమవారం మధ్యాహ్నం మనవడూ అవ్వా ఆటోలో వచ్చారు. అప్పుడే కంప్యూటరులో మొదటిసారి ఆ ఫొటోలు తెరిచాను. సముద్రం లేదు. పాస్టరుగారు సగం ఉన్నారు. మధ్యలో తెల్లటి వెలుగు ముద్ద, దాని అంచుల్లో తడిసిన చీర కొంగు. పదిహేనింటిలోనూ అంతే. నేను రుద్దిన గీతలూ మిగిలిపోయిన గంధపు పొరా కలిసి సూర్యుణ్ణి లెన్సంతా పరిచేశాయి. ఇంతలో వెనక నుంచి మనవడు చేతులు జోడించి, ఇది దేవుడి మహిమేనన్నా, దీన్ని పెద్దది చేసి చర్చిలో పెడతాం అన్నాడు. చూశారా అదృష్టం! ఒక్క మాట మాట్లాడకుండా ఊరుకుంటే నేను గొప్ప ఫొటోగ్రాఫరుని. ఊరుకోవడం కూడా కాదు, ఎదురెండ పట్టడంలో ఒక పద్ధతి ఉందని చెప్పడానికి నోరు తెరిచాను (దాచడం దేనికి, నిజంగానే తెరిచాను).

అవ్వ కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా వంగింది.

"వెలుగు బాగుండాది నాయనా. దాంట్లో నేనేడుండాను?"

మనవడు అదే నువ్వే కదవ్వా అని వేలు పెట్టి చూపించాడు. అవ్వ ఆ వేలును చూసింది, తెరను చూసింది, తర్వాత నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. దుకాణంలో అడిగిన వస్తువు లేదంటే పిల్లలు చూస్తారే, అలా చూసింది. ఆమె డెబ్బై ఏళ్ళ భయం దాటి మునిగింది. ఆ క్షణాన్ని పట్టుకోమని అడిగింది నన్నొక్కడినే.

"అవ్వా, అది దేవుడి వెలుగు కాదు. మా వదిన పెట్టిన గంధం," అన్నాను. ఫిల్టరు తీసిన దగ్గర నుంచి చొక్కా అంచు దాకా అంతా చెప్పేశాను. అన్న పక్కనే నిలబడి విన్నాడు. మనవడి మొహం మాడిపోయింది. అవ్వ మాత్రం నిదానంగా లేచి కొంగు సర్దుకుంది.

"ఇప్పుడు మళ్ళీ మునగమంటావా ఏంది? అది ఒక్కసారే అబ్బయ్యా," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నా పని అయిపోయిందనుకుని సంచి సర్దుకుంటున్నాను. అన్న షట్టరు సగం దించి, కర్టెను వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. పెళ్ళైన కొత్తలో ఆయన కొన్న మొదటి లెన్సుకు మొదటి దసరాకు వదిన ఇలాగే బొట్టు పెట్టిందట. ఆ లెన్సు మళ్ళీ పనికిరాలేదు. ఏమైందని వదిన అడిగితే, సముద్రపు గాలికి పోయింది అని చెప్పాడట.

"నాకు నీ వీడియోల శాస్త్రం తెలీదురా. మీ వదిన చెయ్యి తెలుసు. ఆమె బొట్టు పెడితే ఏడాదంతా పని బాగుంటాదని నమ్మతాది. ఒక గాజుబిళ్ళ తిప్పితే పోయేదానికి, ఆమె చెయ్యి ఎందుకు ఆపాల?"

ఇన్నాళ్ళూ నేను ఓడించాననుకున్న మనిషి నాతో అసలు వాదించనే లేదని అప్పుడు అర్థమైంది. అన్న పాడైన లెన్సును బీరువాలో పెట్టేశాడు. చిన్న కెమెరా నా చేతిలో పెట్టి, రేపు బస్సెక్కి మైపాడు పో, ఆ ముసలామె మొహం తీసుకురా అన్నాడు.

వెళ్ళాను. అవ్వ ఇంటి ముందు చాప మీద ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమని పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది. అవ్వా, ఒక్కటి తీసుకుంటాను అని బతిమాలాను. "మునిగేది లేదు. మొహం మాత్రం కడుక్కుంటా," అంది. బొక్కెన దగ్గర వంగి దోసిళ్ళతో నీళ్ళు మొహాన కొట్టుకుంది. ఒక దోసిలి, రెండు, మూడు. మూడో దోసిలికి కళ్ళు మూసుకుని ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత తలెత్తింది. అదే నవ్వు. గడ్డం మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను నొక్కాను.

ఇప్పుడు నాకూ నెల్లూరులో సొంత స్టూడియో ఉంది. ఫిల్టరు వాడాలా వద్దా అని కొత్తవాళ్ళు అడిగితే రెండు వైపులా అదే ధీమాతో వాదించగలను (ఆ ఒక్క గుణం మాత్రం పోలేదు). ఏడాదంతా ఎలా ఉన్నా, ఆయుధపూజ ముందు రోజు సాయంత్రం మాత్రం ప్రతి లెన్సుకూ ఫిల్టరు బిగించి, గట్టిగా ఉందో లేదో రెండుసార్లు తిప్పి చూస్తాను. మా ఆవిడ అడిగితే సముద్రపు గాలి అంటాను.

మొన్నామధ్య ఆ మనవడు ఫోను చేశాడు. అవ్వ పోయిందట. ఇంట్లో అందరికీ ఆ బొక్కెన దగ్గరి ఫొటోయే కావాలట, పెద్దది చేసి ఇవ్వమన్నాడు. పాత డిస్కు వెతికి ఫొటో తెరిచాక, ఒక పాత సందేహం వచ్చింది. ఆ రోజు చిన్న కెమెరా లెన్సుకు ఫిల్టరు ఉంచానా, తీశానా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. సరే, గుర్తు లేకపోతేనేం, శాస్త్రం తెలిసినవాణ్ణి కదా అని ఫొటోను ఇంతింతలు చేసి, మూలమూలనా వెతికాను. నీటి చుక్కలు వెతికాను, కంటి రెప్పలు వెతికాను. ఇరవై రెండేళ్ళప్పుడైతే ఒక్క చూపులో తేల్చేసేవాడిని. అరగంట తర్వాత నవ్వొచ్చి ఊరుకున్నాను. ఫిల్టరు ఉందో లేదో తేలలేదు గానీ, ఎక్కడ పెద్దది చేసి చూసినా అవ్వ మాత్రం ఉంది.