మల్లవ్వ పాట

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. మెదక్‌లో నాకు చిన్న నెట్ సెంటర్ ఉండేది. పాట మీద హక్కు పాడినవాళ్లకే దక్కేలా కాపీరైట్ చట్టం మార్చాలని సోషల్ మీడియాలో రోజూ పోస్టులు పెట్టేవాణ్ణి. ఒకసారి పాపన్నపేట మల్లవ్వ పొలంలో వరి నాటేస్తూ పాడుతుంటే వీడియో తీసి పెట్టాను.

అది చూద్దామని తోటి కూలీలను వెంటబెట్టుకొని అవ్వ ఆటోలో వచ్చింది. అందరినీ కూర్చోబెట్టి గొప్పగా పేజీ తెరిచాను. వీడియో లేదు. పాట తమదని ఏదో క్యాసెట్ కంపెనీ ఫిర్యాదు చేస్తే తీసేశారట.

"ఎన్కట గా కంపెనోళ్లు పాడమంటే పాడిన బిడ్డా. కాయితం మీద ఏలుముద్ర గూడ ఏసిన," అంది అవ్వ. లేస్తూ, "మరి రేపు నాట్ల పాడొచ్చునా?" అని అడిగింది.

పాడుకోవచ్చన్నాను. ఆ మాటైనా నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.