అమ్మమ్మ క్యాసెట్టులో నా వాగుడు

ఆ రోజుల్లో టేపు రికార్డరు భుజాన తగిలించుకున్నవాడికి దొరికే గౌరవం పెళ్లికొడుక్కి కూడా దొరికేది కాదు. మేం చదువుకునే యూనివర్సిటీ వాళ్ల పీజీ సెంటరు మా ప్రాంతంలో ఎలా వెలిసిందో చుట్టుపక్కల ఊళ్ల పెద్దవాళ్ల నోటనే చెప్పించి, క్యాసెట్లలో దాచాలని మా మేష్టారు సంకల్పించారు. ఆ యంత్రం ఎవరి చేతికిచ్చారు? చొక్కా నలగనివ్వడు కనక మేం 'ఇస్త్రీ' అని పిలుచుకునే రాజమండ్రి కుర్రాడికి. నాకేమో పేర్లూ వయసులూ రాసుకునే నోటుపుస్తకం. అసూయతో వారం రోజులు నాకు అన్నం సయించలేదు (పెసరట్లు సయించాయి, అబద్ధమెందుకు).

అక్కడితో ఆగినా బాగుండేది. మొదటి క్యాసెట్టుకి ముక్తేశ్వరంలో ఉన్న మా అమ్మమ్మనే ఎంచుకున్నారు, సెంటరు పునాదులకి మట్టి మోసిన మనిషని. ఆవిడ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, వాడికి కుర్చీ వేసి, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చింది. నన్ను మాత్రం "నువ్విలా నా పక్కన చాప మీద కూర్చో అమ్మడూ" అంది. నా సొంత అమ్మమ్మ!

"ఆ పని రోజుల్లో మీకు బాగా గుర్తున్నదేంటండి?" అని అడిగాడు ఇస్త్రీ.

"ఒకరోజు ఏం జరిగిందంటేనండి బాబుగారూ, నేను తట్ట దింపేసి, మేస్త్రీ గారి దగ్గరకెళ్లి..."

చిన్నప్పట్నుంచీ ఆవిడ పక్కలో పడుకున్నదాన్ని, ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నాకు చెప్పనిది వీడికి చెబుతుందా అని ఒళ్లు మండిపోయింది. "ఆ మేస్త్రీ చాలా మంచివాడు, నాకు తెలుసు" అంటూ అందుకున్నాను. ఇక ఆపలేదు. తెలిసినవి చెప్పాను, తెలియనివి కల్పించాను. పరాయివాడి ముందు మనవరాలి మాట కాదంటే బాగుండదని అమ్మమ్మ ప్రతిదానికీ "ఆయ్, అంతేనండి" అంటూ కూర్చుంది. క్యాసెట్టు రెండు వైపులా నిండిపోయింది.

మర్నాడు క్లాసులో మేష్టారు అదంతా ఓపిగ్గా విని, "ఇంతకీ నువ్వెన్ని తట్టలు మోసేవమ్మా?" అన్నారు. ఇస్త్రీ కిసుక్కున నవ్వి ఊరుకోలేదు. క్యాసెట్టు మీద నా పేరూ, 'వయసు ఇరవై, వృత్తి మట్టిపని' అనీ గుండ్రటి అక్షరాలతో రాసి బీరువాలో పెట్టాడు.

ఆ ఆదివారమే ముక్తేశ్వరం పరిగెత్తి, "మేస్త్రీ దగ్గరకెళ్లి ఏం చేసేవే అమ్మమ్మా?" అని అడిగాను. "నువ్వు చెప్పేసేవు కదా అమ్మడూ. నీ కథే బాగుంది, అదే ఉండనీ" అని నవ్వేసింది. ఎన్నిసార్లడిగినా అంతే. ఆ ఏడు వానాకాలంలో ఆవిడ పోయింది.

ఈమధ్య ఆ క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారని తెలిసి వెళ్లి విన్నాను. గంటసేపు ఒక పిల్ల వాగుతూనే ఉంది, నవ్వాపుకోలేకపోయాను. ఇస్త్రీ మీద కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడు నా అసూయంతా ఆ వాగుడుకాయ మీదే. అమ్మమ్మకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, ఆవిడ చెప్పేసేది.