పదకొండూ తొమ్మిదీ

పోయిన వారం మా ఆయన దవడ పన్ను తీయించడానికి ఎల్బీనగర్‌లో కొత్తగా తెరిచిన పళ్ల ఆసుపత్రికి వెళ్లాం. ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుంటే నా చూపు మాత్రం పనిముట్లున్న పొట్లం మీదే ఉంది. దాన్ని చించబోతున్న అమ్మాయిని ఆపి, ఇది ఆవిరిలో ఎన్ని నిమిషాలుంది, మధ్యలో కరెంటు పోలేదు కదా అని అడిగాను. ఆ పిల్ల నవ్వి, "గదంత మిషనే చూస్కుంటది ఆంటీ. నడుమ కరెంటు పోయిందనుకో, ఫెయిలని చీటీ ఇస్తది, మల్ల మొదటికెల్లి పెట్టాల్సిందే" అంది. నేను బయటికొచ్చి కూర్చున్నాను. కళ్లలో నీళ్లెందుకని పక్కావిడ అడిగితే, లోపల మా ఆయనకు పన్ను పీకుతున్నారని చెప్పి ఊరుకున్నాను.

ఇరవై రెండేళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, చీరల కొట్టుకు పైన, రెండో అంతస్తులో ఒక చిన్న పళ్ల క్లినిక్ ఉండేది. ఒక కుర్చీ, ఒక డాక్టరమ్మ, ఆమెకు సాయంగా నేను. ఆమెది గోదావరి వైపు; నాది బాటసింగారం దాటాక ఒక పల్లె, మన్సూరాబాద్‌కు కోడలిగా వచ్చాను. చదివింది ఏడో తరగతే అయినా మా మరిది లెక్కల పుస్తకాలు ముందేసుకుని, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఒకటి చొప్పున, పదో తరగతి దాకా అన్ని లెక్కలూ నా అంతట నేనే చేసుకున్నదాన్ని. పనికోసం వెళ్లిన రోజు డాక్టరమ్మ తన దగ్గర పన్నెండు సెట్ల పనిముట్లున్నాయని, ఆవిరి డబ్బాలో విడతకు ఆరు పడతాయని, తోమి, ఉడికించి, ఆరబెట్టడానికి గంటన్నర పడుతుందని చెబుతుంటే, రోజుకు ఎంతమందిని చూడగలమో ఆమె కాగితం తీసేలోపే చెప్పేశాను. ఆ లెక్క విని నన్ను పెట్టుకున్నారు.

ఆ క్లినిక్‌లో ఒక కట్టుబాటు ఉండేది. శుభ్రమైన పొట్లాలు అయిపోతే ఆ పూటకు పేషెంట్లు అయిపోయినట్టే, ఎంత తెలిసినవాళ్లొచ్చినా సరే. "ఇదేమన్న సినిమా హాలా, హౌస్‌ఫుల్ బోర్డు పెట్టనీకి?" అని మెట్ల మీద ఎందరు వెటకారమాడారో లెక్కలేదు. ఆవిరి డబ్బా మీది ఒత్తిడి ముల్లు పదిహేను దగ్గరికి వచ్చాక ఇరవై నిమిషాలు పెట్టాలి, ఆ నిమిషాలు పుస్తకంలో రాయాలి. శనివారం సాయంత్రం డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ పుస్తకాన్ని వరసవరసగా చదివి, ప్రతి వరస పక్కనా ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టేవారు. ఆ టిక్కుల కోసమే నేను వారమంతా పనిచేసేదాన్నేమో అనిపిస్తుంది ఇప్పుడు.

ఆ రోజు మంచి ఎండాకాలం. బయట ఐదుగురు కూర్చున్నారు. అందులో ఒకమ్మాయి నిండు నెలల మనిషి, చెంప బూరెలా వాచి ఉంది. ఆమె అత్త పండ్ల మార్కెట్లో దుకాణం నడిపే గట్టి మనిషి, "జర జల్ది చెయ్యి బిడ్డా, ఒక్క మనిషి గాదు, రెండు పాణాలు" అని నన్ను నిలబడనివ్వడం లేదు. ముల్లు పదిహేనుకొచ్చి పదకొండు నిమిషాలయ్యేసరికి కరెంటు పోయింది. అరగంటకు వచ్చింది. ఈలోగా ముల్లు కిందికి పడిపోయింది. అది మళ్లీ పైకెక్కేదాకా ఆగి, తొమ్మిది నిమిషాలు చూసి ఆపేశాను. పొట్లాలకు అంటించే టేపు మీద, వేడి తగిలితే రావలసిన నల్ల గీతలూ వచ్చాయి. పుస్తకంలో నడుమ అరగంట కరెంటు లేదని, పదకొండూ తొమ్మిదీ కూడి ఇరవై అని రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఐదు పొట్లాలు ఐదుగురికి వాడాం, ఆరోది అలమారలో ఉండిపోయింది.

శనివారం ఆ వరస దగ్గర ఆకుపచ్చ కలం ఆగిపోయింది. నన్ను పిలిచి, కోపం లేకుండానే, "నీ కూడికలో తప్పు లేదమ్మా. మరి మధ్యలో చల్లారిపోయిన అరగంట ఎటు పోయింది? ఇరవై అంటే ఏకబిగిన ఇరవై" అన్నారు. టేపు నల్లబడింది కదా అన్నాను. వేడి తగిలిందనే అది చెబుతుందని, సరిపడా తగిలిందని చెప్పదని అన్నారు. "ఎవ్వరికేం కాలే గదమ్మా, చెప్పకుంటే ఏమైతది?" అన్నాను. ఆమె, "వాళ్ల ఒంటి సంగతి వాళ్ల దగ్గరే దాచడానికి మనమెవరం?" అని ఫోను అందుకున్నారు.

సోమవారం ఐదుగురినీ పిలిపించి, జరిగింది చెప్పి, రక్తపరీక్షలు తానే చేయిస్తానని, మూడు నెలలకు మళ్లీ చేయిస్తానని అన్నారు. పండ్ల దుకాణం ఆవిడ గొంతు కింద చీరల కొట్టుకు కూడా వినబడింది. "దవాఖానకొచ్చి రోగం కొనుక్కపోవాల్నా? ఎవరు చేసిన్రో చెప్పు, నా ముంగట నిలబెట్టు!" నేను తడి చేతులతో తలుపు వెనకే ఉన్నాను. డాక్టరమ్మ తల తిప్పి నా వైపు చూడనైనా లేదు. "క్లినిక్ నాదండీ, తప్పు కూడా నాదే" అన్నారు. నేను తలుపు వెనకే ఉండిపోయాను.

మూడు నెలల తర్వాత కూడా ఐదుగురి పరీక్షల్లోనూ ఏమీ లేదని వచ్చింది. ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. కానీ ఆ కబురు ఎవరూ మోయలేదు, మొదటి కబురే కర్మన్‌ఘాట్ దాకా పాకింది. రోజుకు పద్దెనిమిది మంది వచ్చే చోట పదకొండయ్యారు, ఆరయ్యారు, ఆ దీపావళి తర్వాత ఇద్దరు. కట్టిన పొట్లాలు కట్టినట్టే ఉండిపోయేవి. ఏడాది తిరక్కుండానే డాక్టరమ్మ కుర్చీ అమ్మేసి తమ ఊరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు నాకు ఎక్కడైనా పనికొస్తుందని ఒక ఉత్తరం రాసిచ్చారు. 'ఈమె జరిగింది జరిగినట్టు రాస్తుంది' అని ఉంది అందులో. దాన్ని చూపించే ఎల్బీనగర్‌లో ఒక ఆసుపత్రి స్టోర్సులో చేరాను, ఈనాటికీ అక్కడే ఉన్నాను. ఆమె ఫోను నంబరు కొన్నాళ్లకే మారిపోయింది. ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో తెలుసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇప్పుడు యంత్రాలు ఎవరి కూడికనూ నమ్మవు, చల్లారితే మొదటినుంచి మొదలుపెడతాయి. మంచిదే. తలుపు వెనక నిలబడే అవసరం ఆ కొత్త ఆసుపత్రి పిల్లకు రాకూడదనే కోరుకుంటాను. మెట్రో వచ్చాక రైలు సరిగ్గా ఆ రెండో అంతస్తు కిటికీ ఎత్తులోనే పోతోంది. ఇప్పుడక్కడేదో కోచింగ్ సెంటరు ఉంది. రైల్లో వెళ్లిన ప్రతిసారీ అటువైపే నిలబడి సెకన్లు లెక్కపెడతాను. ఆ కిటికీ నాకు నాలుగు సెకన్లు కనిపిస్తుంది. "చేసింది నేనే" అనడానికి ఒక్క సెకను చాలు.