ఎడమకు లాగే బండి

మా జ్యూస్ దుకాణం దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ హాస్టళ్లున్న సందు మొదట్లో ఉంది. పండ్లు బాటసింగారం మార్కెట్ నుంచి తెచ్చుకోవాలి. చాలా ఏళ్లు ఆ పని మా ఆయనే చేశాడు. కంటి ఆపరేషన్ అయ్యాక ఎదురుగా వచ్చే లైట్లు చెదిరిపోయినట్టు కనిపిస్తున్నాయని, తెల్లవారుజామున హైవే మీద నడపడం మానేశాడు. అందువల్ల నలభై దాటాక నేను డ్రైవింగ్ నేర్చుకోవలసి వచ్చింది. సరదాపడి నేర్చుకోలేదు. దుకాణం మూసుకోలేక నేర్చుకున్నాను.

మేముండే చంపాపేట్‌లోనే, రెండు సందుల అవతల ఒక ఆంటీ ఉన్నారు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. భర్త గుండెపోటుతో పోయాక, ఆయన నడిపిన ఎస్‌యూవీ గేటు ముందు దుమ్ము కొట్టుకుపోతూ ఉండేది. వెనక సీట్లు మడిస్తే బత్తాయి క్రేట్లు సుఖంగా పడతాయని మా ఆయన లెక్క. అడిగితే ఆంటీ బేరం కూడా ఆడలేదు. "ఎవరో ఒకరు తిప్పుతుంటే చాలమ్మా, చూడలేకపోతున్నా" అని తాళం చేతిలో పెట్టారు.

బండి మంచిదే. కాకపోతే బ్రేక్ తొక్కితే ఎడమకు పోయేది. ఖాళీ బండికి కొంచెం, క్రేట్లు నింపితే ఇంకొంచెం. ఈ మాట మా ఆయనతో అంటే ఆయన జవాబు ఒకటే.

"బండి పోతలేదు. నువ్వే తిప్పుతున్నవ్."

"నేనెందుకు తిప్పుత?"

"భయానికి. బ్రేక్ కొట్టంగనే నీ చెయ్యి పోతది. కొత్త గదా, అందరికి గట్లనే ఉంటది."

ఆయన పక్క సీట్లో కూర్చుని, నేను బ్రేక్ వేసిన ప్రతిసారీ తన కాలు కూడా నేలకేసి నొక్కేవాడు. ఆ కాలు చూస్తుంటే నా మీద నాకే నమ్మకం పోయేది. ఎల్‌బీ నగర్‌లో మాకు తెలిసిన మెకానిక్‌కు చూపించాను. చక్రాల అలైన్‌మెంట్ పోయిందన్నాడు, సరిచేశాడు. తగ్గలేదు. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చాడు. అయినా తగ్గలేదు. మూడోసారి వెళ్లడానికి నాకే మొహం చెల్లలేదు. మార్కెట్, దుకాణం, వంట, మళ్లీ మార్కెట్. ఆ తిరుగుడులో బ్రేక్ కొట్టేటప్పుడు స్టీరింగ్‌ను కుడికి పట్టుకోవడం నాకు అలవాటైపోయింది. అలసిపోయిన మనిషి దేనికైనా అలవాటు పడుతుంది.

ఒకరోజు పొద్దున మార్కెట్ నుంచి నిండు లోడుతో వస్తున్నాను. ఎల్‌బీ నగర్ దగ్గర ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. గట్టిగా బ్రేక్ తొక్కాను. స్టీరింగ్ చేతిలోంచి జారినట్టయి బండి బస్టాపు వైపు దూసుకుపోయింది. వెనక క్రేట్లు దబదబా కూలాయి. బండి ఆగేసరికి బానెట్‌కు జానెడు దూరంలో ఒకామె, చేతిలో టిఫిన్ బాక్సు సంచి. ఆమె అరవలేదు, తిట్టలేదు. నా వైపు ఒకసారి చూసి, రెండడుగులు పక్కకు జరిగి, మళ్లీ బస్సు వచ్చే దిక్కుకు తిరిగింది. ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త బాగుండేది.

మా ఆయన పక్క సీట్లోనే ఉన్నాడు. నా చేతులు స్టీరింగ్‌ను కుడికే తిప్పుతున్నా బండి ఎడమకు పోవడం కళ్లారా చూశాడు.

"ఆటోలో పండ్లు నేను తీసుకపోత. నువ్వు బండి చూపించు" అన్నాడు.

మెకానిక్‌తో ఈసారి కాస్త గట్టిగానే మాట్లాడాను. "ఇయ్యాల అది ఏందో తేలేదాక నేను పోను. రెండు చక్రాలు ఇప్పు." అతను విసుక్కుంటూనే ముందు చక్రాలు రెండూ విప్పి, ఫోన్ వస్తే పక్కకు వెళ్లాడు. నేను ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని ఊరికే చూస్తున్నాను. చక్రం తీసేస్తే దాని వెనక గుండ్రటి ఇనుప పళ్లెం ఒకటి కనిపిస్తుంది. దాన్నే డిస్కు అంటారు, బ్రేక్ పట్టుకునేది దాన్ని. లేచి ఇటు చూశాను, అటు వెళ్లి చూశాను. మళ్లీ ఇటు వచ్చాను.

"తమ్మీ, జర ఇటు రా. గా పక్కది పెద్దగుంది, గీ పక్కది చిన్నగుంది. గట్లనే ఉంటదా?"

"ఒక్కటే ఉంటయక్కా, నీకు అట్ల కనవడ్తున్నదేమో" అంటూ వచ్చాడు. జాన పెట్టి రెండూ కొలిచాడు. కింద కూర్చుని, దాన్ని పట్టుకునే భాగాలు కూడా తడిమి చూశాడు.

"కుడిపక్కది వేరే బండిది. పాత మోడల్‌ది. ఎప్పుడో గీ పక్క గుద్దుకున్నట్టుంది, తుక్కుల దొరికింది తెచ్చి బిగించిండ్రు. బ్రేక్ కొడితే ఎడమపక్క గట్టిగ పడ్తది, కుడిపక్క పడీపడనట్టు పడ్తది. బండి ఎడమకు గుంజక ఏం చేస్తది?" తర్వాత గొంతు తగ్గించి, "మొదటి రోజే ఇప్పి చూడాల్సింది. నాదే తప్పు" అన్నాడు.

తప్పు నాది కాదని తెలిసి సంతోషం కలగాలి. కలగలేదు. మళ్లీ వెళ్లి స్టూల్ మీద కూర్చుంటే ఇక లేవాలనిపించలేదు. ఇన్నాళ్లూ ఈ బండిలోనే మా అత్తమ్మను తుర్కయంజాల్ తీసుకెళ్లాను, తీసుకొచ్చాను.

ఆ సాయంత్రం ఆంటీ ఇంటికి వెళ్లాను. దారిలో మాటలు కూడబెట్టుకున్నాను. చెడిపోయిన బండి అంటగట్టారని నా కోపం. ఆమె తలుపు తీసి, "రామ్మా, కూర్చో. బండి బాగా నడుస్తోందా?" అన్నారు.

"నడుస్తలేదు ఆంటీ. ఇయ్యాల ఒక మనిషిని గుద్దేదాన్ని" అని, జరిగింది, మెకానిక్ చెప్పింది, అంతా ఒక్క ఊపున చెప్పేశాను. "యాక్సిడెంట్ అయిన బండి అని ఒక్క మాట చెప్పకపోతిరి."

"యాక్సిడెంటా? మా బండికా? ఎప్పుడు?"

"నాకెట్ల తెలుస్తది? మీకే తెల్వాలె."

ఆమె సోఫా అంచున కూర్చున్నారు. నటించడం లేదని ఆ కూర్చోవడంలోనే తెలిసిపోయింది. నాతో కాదన్నట్టు మాట్లాడారు.

"ఒకసారి నల్గొండ పనిమీద వెళ్లి బస్సులో తిరిగొచ్చారు. బండి సర్వీసుకిచ్చానన్నారు. అప్పుడే భుజం పట్టేసిందన్నారు, దిండు సరిగ్గా లేదన్నారు. కొత్త దిండ్లు కొన్నాను. రోజూ కాపడం పెట్టాను. దిండు వల్లే అనుకున్నానమ్మా." తర్వాత, "ఎడమకి పోతోందేంటండీ అని నేనూ అడిగేదాన్ని. రోడ్డు అటు వాలుగా ఉంది, నీకేం తెలుసు అనేవారు" అన్నారు.

నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఎవరికన్నా దెబ్బ తగిలిందంటావా?" అని అడిగారు. "మెకానిక్ చెప్పగలడా?"

"ఇనుము మార్చిండ్రని తెలుస్తది గానీ, అదెట్ల తెలుస్తది ఆంటీ."

పోట్లాడదామని వెళ్లినదాన్ని, ఆమెకు టీ పెట్టిచ్చి వచ్చాను. ఇంటికి రాగానే మా ఆయన, "రిపేరు పైసలు అడిగినవా?" అన్నాడు. "లేదు" అన్నాను. ఆయన అన్నం వడ్డించుకుని, నాకూ ఒక కంచంలో పెట్టాడు. మామూలుగా ఆ పని ఎప్పుడూ చేయడు.

కుడిపక్క భాగాలన్నీ సరైనవి వేయించాం. రెండు పక్కలా డిస్కులు, వాటిని పట్టుకునే ప్యాడ్లు కొత్తవి వేశారు. బండి తిన్నగా ఆగడం మొదలుపెట్టాక కొన్నాళ్లు నాకే కష్టమైంది. చేతులు అలవాటుకొద్దీ కుడికి లాగేవి. పక్క సీట్లో మా ఆయన కాలు ముడుచుకుని నిద్రపోవడం మొదలుపెట్టాడు.

కొన్ని వారాల తర్వాత ఆంటీ దుకాణానికి వచ్చారు. పంచదార లేకుండా సపోటా జ్యూస్ అడిగి, గ్లాసు ముట్టుకోకుండా కూర్చున్నారు. భర్తతో కలిసి పనిచేసిన స్నేహితుడికి ఫోన్ చేసి అడిగారట. ఆయనకు అంతా తెలుసట. నల్గొండ వెళ్లినప్పుడు గేదె అడ్డం వస్తే తప్పించబోయి ఆమె భర్త బండిని డివైడర్‌కు గుద్దారట. ఎవరికీ ఏమీ కాలేదు. "ఇంట్లో తెలిస్తే నన్నిక బండి తియ్యనివ్వదు, చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నారట.

"ఎవరికీ ఏం కాలేదు, అది చాలు ఆంటీ" అన్నాను.

"చాలు. కానీ కోపం వస్తోందమ్మా. అన్నాళ్లు ఆ బండిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పారు. ఇప్పుడు ఎవరితో పోట్లాడను?"

హాస్టల్ పిల్లలు గుంపుగా వచ్చి బత్తాయి జ్యూస్ అడిగారు. నేను లేచి కత్తి అందుకున్నాను. ఆంటీ గ్లాసు చేతిలోకి తీసుకుని, రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ మెల్లగా తాగసాగారు.